ఫ్రెంచి దీవులలో మన పేర్లు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చరిత్రకారుణ్ణి కాను. సింగపూరు బళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా తాతగారు గోదావరి జిల్లా నుంచి మలయా తోటలకు వచ్చారు. నేను మూడో తరం. ఇంట్లో చెవిన పడిన తెలుగుకు అక్షరాలు జతచేసుకున్నది పెద్దయ్యాక, సాయంకాలం తరగతుల్లోనే. కనుక నా మాటల్లో పాండిత్యం వెతకకండి. చదివినదీ విన్నదీ వరసగా చెబుతాను.

మా తరగతిలో మొదటిరోజు పిల్లల్ని తమ పేరు తెలుగులో రాయమంటాం. ఇక్కడ పుట్టిన పాత కుటుంబాల పిల్లవాడు తన పేరు రాసి, ‘సన్ ఆఫ్’ అని పెట్టి తండ్రి పేరు రాస్తాడు. హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో కొత్తగా వచ్చినవారి పిల్ల పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు చివర రాస్తుంది. ‘ఇంటిపేరు ముందు రావాలమ్మా’ అంటే, ‘కాదు మాస్టారూ, అది లాస్ట్ నేమ్’ అంటుంది. పాత కుటుంబం పిల్లవాణ్ణి ‘మీ ఇంటిపేరేమిటి నాయనా’ అని అడిగితే, చాలాసార్లు వాడికే కాదు, వాళ్ళ నాన్నకూ తెలియదు. ఇది ఒక్క సింగపూరు సంగతే కాదు. ఓడ ఎక్కిన తెలుగువాడు ఎక్కడ దిగినా మొదట పోయింది ఇంటిపేరే. దీన్ని అందరికంటె స్పష్టంగా చూపించేవి ఫ్రెంచివారి చక్కెర దీవులు. అందుకే ఈ విషయం తీసుకున్నాను.

యానాం రేవు

కాకినాడకు దిగువన, గోదావరి పాయ ఒడ్డున యానాం ఉంది. ఊరూ చుట్టుపక్కల పల్లెలూ అన్నీ కలిపి ముప్ఫై చదరపు కిలోమీటర్లు. పద్దెనిమిదో శతాబ్దం మొదలు 1954 వరకు ఫ్రెంచి జెండా ఎగిరిన తెలుగు ఊరు అది. చట్టరీత్యా భారతదేశంలో విలీనమైంది 1962లో. దాని పక్కనే కోరంగి రేవు. 1839 నవంబరు తుఫానులో కోరంగి దెబ్బతిన్నది గాని, దాని పేరు మాత్రం ప్రపంచమంతా తిరిగింది. బర్మాలో తెలుగువాణ్ణి ‘కోరంగీ’ అనేవారు.

ఫ్రెంచి దీవులకు స్వతంత్ర కూలీలుగా మొట్టమొదట వెళ్ళిన భారతీయులు మనవాళ్ళే. 1828లో యానాం నుంచి పదిహేనుమంది బోర్బోన్ దీవిలో దిగారు. ఇప్పుడు ఆ దీవి పేరు రీయూనియన్. కాగితాల్లో వాళ్ళను ‘తెలింగాలు’ అని రాశారు. రెండేళ్ళలో ఆ దీవిలో భారతీయ కూలీలు మూడువేలు దాటారు. ఒప్పందంలో రాసినదొకటి, తోటలో జరిగిందొకటి. గొడవలయ్యాయి, రవాణా ఆగింది. 1848లో ఫ్రెంచి ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు కోసేవాళ్ళు కావలసివచ్చి మళ్ళీ ఓడలు కదిలాయి. 1853లో ఔరేలీ అనే ఓడ మార్తినీక్ దీవికి, 1854 డిసెంబరులో అదే ఓడ గ్వాడెలూప్‌కు మొదటి కూలీలను దించింది. 1860, 1861 సంవత్సరాల్లో ఇంగ్లీషువారూ ఫ్రెంచివారూ ఒడంబడిక చేసుకున్నాక, ఇంగ్లీషు జిల్లాల మనుషులను కూడా ఫ్రెంచి దీవులకు పంపడం చట్టబద్ధమైంది. రీయూనియన్‌కు 1882లోనూ, ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే కరీబియన్ దీవులకూ ఇది ఆగిపోయింది. అప్పటికి రీయూనియన్‌కు లక్షకు పైగా, గ్వాడెలూప్‌కు నలభైవేలకు పైగా, మార్తినీక్‌కు పాతికవేల దాకా వెళ్ళారు. ఎక్కువమంది తమిళులు. వాళ్ళ మధ్య మనవాళ్ళు కలిసిపోయి ఉన్నారు.

ఎందుకు వెళ్ళారని వేరే చెప్పాలా? 1833 నాటి డొక్కల కరువు, 1876 మొదలు రెండేళ్ళు పీడించిన ధాత కరువు, మధ్యలో గంజాం కరువు. కరువులో మేస్త్రీ వచ్చి బయానా చేతిలో పెడితే, ఓడ ఎటు పోతుందని అడిగే ఓపిక ఎవరికి ఉంటుంది?

గుమాస్తా ముందు నిలబడ్డ మనిషి

మన పద్ధతి మీకందరికీ తెలుసు. ఇంటిపేరు ముందు, ఒంటిపేరు తర్వాత. ఇంటిపేరు ఊరి మీద రావచ్చు, వృత్తి మీద రావచ్చు, ముత్తాత పెంచిన చెట్టు మీద కూడా రావచ్చు. కాని పల్లెటూళ్ళో ఇంటిపేరు నోటితో పిలుచుకునేది కాదు. పెళ్ళి సంబంధానికీ, పొలం గట్టు తగవుకూ మాత్రమే బయటికి తీసేది. ‘నీ పేరేమిటిరా’ అంటే కూలివాడు ఒంటిపేరే చెబుతాడు. ‘నీ బాబు పేరు?’ అంటే ఆయన ఒంటిపేరు చెబుతాడు. మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు. అందుచేత ఇంటిపేరు గట్టునే ఉండిపోయింది. ఓడ ఎక్కలేదు.

అవతలి ఒడ్డున ఫ్రెంచి చట్టానికి ప్రతి మనిషికీ వంశనామం ఒకటి ఉండాలి. అది తండ్రి నుంచి బిడ్డకు మారకుండా దిగాలి. కాగితంలో ఉన్నదల్లా ఆ కూలివాడి ఒంటిపేరే గదా! అదే వంశనామమై కూర్చుంది. అంటే తాత ఒంటిపేరు మనవడికి ఇంటిపేరైంది. ముని మనవడికీ అదే. మన ఊళ్ళో ఒక మనిషితో పోయే పేరు అక్కడ వంద సంవత్సరాలుగా వందలమందికి అంటుకుని ఉంది.

అంతకుముందు 1848లో స్వేచ్ఛ పొందిన సుమారు అరవైవేలమందికి ఆ దీవిలో అధికారులే కూర్చుని వంశనామాలు తయారుచేసి ఇచ్చారు. మనవాళ్ళకు కనీసం తమ పేరే మిగిలింది. అయితే ఏ రూపంలో మిగిలింది? పేరు చెప్పేవాడు తెలుగువాడు. మధ్యలో పుదుచ్చేరి గుమాస్తా తమిళుడు. రాసేవాడు ఫ్రెంచివాడు. మన వెంకటస్వామి తమిళుడి చెవిలో వేంగడసామి అవుతాడు, ఫ్రెంచివాడి కలంలో వింగదస్సామి అవుతాడు. గ్వాడెలూప్‌లో ఆ వంశనామం ఇప్పటికీ ఉంది. మన ఉకారాన్ని ఇంగ్లీషు గుమాస్తా రెండు సున్నాలు పక్కపక్కన పెట్టి రాస్తే, ఫ్రెంచి గుమాస్తా ఒక సున్నా, దాని పక్కన గిన్నెలాంటి అక్షరం పెట్టి రాశాడు. అన్నదమ్ములు ఇద్దరు రెండు దీవుల్లో దిగితే, కాగితాల మీద రెండు వేరు వేరు వంశాలయ్యారు.

మొదటి పేరు సంగతి మరొకటి. 1803 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం బిడ్డకు పెట్టగల పేర్లు క్యాలెండరులో ఉన్న సెయింట్ల పేర్లు, ప్రాచీన చరిత్ర పురుషుల పేర్లు మాత్రమే. ఈ నిబంధన ఫ్రాన్సులో పూర్తిగా సడలింది 1993లో. దీవుల్లో ఈ చట్టానికి తోడు బాప్తిస్మం, బడి, ఉద్యోగం అన్నీ కలిసి కొన్ని తరాల్లోనే మనవాళ్ళ పిల్లల్ని జోసెఫులూ మరీలూ చేశాయి. రీయూనియన్‌లో నేటికీ చాలామందికి కాగితం మీద ఒక పేరు, గుడిలోనూ ఇంట్లోనూ పిలిచేందుకు వేరొక భారతీయ నామం ఉన్నాయి. ముందు సెయింటు, వెనక మన ముత్తాత.

ఇంకొక రకం కూడా ఉంది. 1881 సెప్టెంబరులో వచ్చిన ఒక డిక్రీ ప్రకారం పుదుచ్చేరి, యానాం వంటి చోట్ల ఉన్న భారతీయుడు తన కులాచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడు కిందికి రావచ్చు. అలా వస్తే వంశనామం ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. కోర్టులో బూట్లు తొడుక్కునే హక్కు కోసం 1873లో పోరాడిన పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై ‘లాపోర్త్’ అనే పేరు తీసుకున్నారు. ఇలాంటివారిలో చాలామంది కొలువులకు సైగాను వెళ్ళారు. ఆ దారిలో మన సింగపూరు రేవు కూడా ఉంది.

పేరులో ఊరు

అప్పటి రిజిస్టర్లలో మనవాళ్ళను తమిళుల నుంచి విడదీయడం కష్టం. ఫ్రెంచివారు దక్షిణాది హిందువులందరినీ కలగలిపి ‘మలబారు’ అనేశారు. రామస్వామి అనే పేరు ఎవరిదైనా కావచ్చు. కాని కొన్ని పేర్లు తెలుగు గడప దాటనివి. ‘డు’తో ముగిసే అప్పడు, రాముడు వంటివి చూడండి. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసయ్య, సింహాద్రి అన్న పేర్లు ఉంటే కళ్ళు మూసుకుని విశాఖపట్నం వైపు చూడవచ్చు. ఆ పేర్లన్నీ సింహాచలం కొండ మీది వరాహ నరసింహస్వామివి. నూకాలు, నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. పెంటయ్య, పుల్లయ్య అంటే ముందు పుట్టిన బిడ్డలు దక్కని ఇల్లు. దక్కిన బిడ్డను పెంట మీదనో, తిని పారేసిన విస్తరాకుల మీదనో ఒకసారి పెట్టి తీసుకుని, మృత్యువు కంట పడకుండా ఉండాలని పెట్టుకున్న పేర్లవి. పరాయి గుమాస్తాకు అవి అక్షరాలు. మనకు ఒక తల్లి భయం.

ఇంకో ఆచారం కూడా వెతికేవారికి పనికివస్తుంది. మనలో మొదటి మనవడికి తాత పేరు పెట్టడం పరిపాటి. దీవుల్లో మొదటి రెండు తరాల దాకా ఇది కొనసాగిన కుటుంబాలున్నాయి. అందుచేత ఒకే పేరు ఒక తరం విడిచి ఒక తరంలో కనబడితే, మీరు సరైన కొమ్మ మీదే ఉన్నారని ఒక గుర్తు.

కాగితం చెప్పేది, నోరు చెప్పేది

మా నాయనమ్మ పుట్టిల్లు యానాం చుట్టుపక్కల పల్లె. ఆమె తాతగారి అన్న పడుచువాడుగా ఉండగా ఓడెక్కాడు. ‘చక్కెర దీవికి పోయాడు’ అనేవారు తప్ప, ఏ దీవి అన్నది ఆమెకు తెలియదు. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునేటప్పుడు ఆ ఇంట్లో ఒక విస్తరి విడిగా వేసేవారట. ఆయన బతికి ఉన్నాడో లేదో తెలియదు గదా! పోయినవారితో కలిపి పెడితే అశుభం. పెట్టకపోతే, ఒకవేళ పోయి ఉంటే ఆకలితో ఉంటాడు. అందుకని విడిగా. ఇది చెబుతూ ఆమె ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ చెప్పేది. ఆ మూడింటినీ మా నాన్న ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టారు.

రిటైరయ్యాక నేను వెతకడం మొదలుపెట్టాను. ఫ్రాన్సులో ఎక్స్ అన్ ప్రొవాన్స్ పట్టణంలో ఆ దేశపు పాత వలసల దస్తావేజులన్నీ ఉన్నాయి. దీవుల జనన, వివాహ, మరణ రిజిస్టర్లు, యానాం రిజిస్టర్లు సహా చాలా భాగం ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూడవచ్చు. భాష రాదని భయపడనక్కరలేదు. రిజిస్టరు వాక్యం ప్రతిసారీ ఒకే మూసలో ఉంటుంది. పది పేజీలు చదివితే పదకొండోది అదే వస్తుంది. రాత మాత్రం ఓపికను పరీక్షిస్తుంది.

రీయూనియన్ రిజిస్టర్లలో ఆ ఒంటిపేరు గలవారు, వయసు సరిపోయేవారు, ముగ్గురు దొరికారు. వారిలో ఒకరి పెళ్ళి నమోదులో తండ్రి పేరూ, యానాం ప్రాంతంలో పుట్టినట్టూ రాసి ఉంది. తండ్రి పేరు మా నోటుపుస్తకంతో కలిసింది. తర్వాతి తరాలను పట్టుకుని కిందికి వచ్చి, ఆ దీవిలోనే ఉన్న ఒక కుటుంబానికి ఉత్తరం రాశాను. వారి పేరు ఈ సభలో చెప్పను, వారి అనుమతి అడగలేదు. జవాబు రాసినావిడ నా ఈడుదే. ఆమెకు సెయింటు పేరు. వంశనామం మాత్రం ఆ ఓడెక్కిన మనిషి ఒంటిపేరే. ఉత్తరంలో ఆస్తి మాట లేదు, కులం మాట లేదు. ఒకటే ప్రశ్న: ‘మా పేరుకు అర్థం ఏమిటి? మా నాన్నకు తెలియదు, తాతకు తెలియదు. బడిలో పిల్లలు నవ్వితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.’

అది సింహాచలం స్వామి పేరమ్మా అని రాశాను. ఇంట్లో ఎవరో ఆ కొండకు మొక్కుకుంటే ఆయన పుట్టి ఉంటాడని రాశాను. మీ ఇంటిపేరు నిజానికి ఇది కాదు, ఫలానా అని కూడా రాశాను. ఆ ఇంటిపేరు ఆ దీవిలోని ఏ కాగితంలోనూ లేదు. ఓడ, సంవత్సరం, కూలి నంబరు ఫ్రెంచి కాగితం చెప్పగలదు. అవేవీ మా నాయనమ్మకు తెలియవు. ఇంటిపేరు మా నాయనమ్మకు తెలుసు, కాగితానికి తెలియదు. రెండూ ఒకచోటికి రావడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. మా నాన్న ఆ మూడు ముక్కలూ రాసి ఉండకపోతే ఎప్పటికీ వచ్చేవి కావు.

మారిషస్ పాఠం

పక్కనే ఉన్న మారిషస్‌లో కథ వేరుగా నడిచింది. 1810 దాకా అది ఫ్రెంచి దీవి. ఇంగ్లీషువారి చేతికి వచ్చాక కూడా ఫ్రెంచి భాషా, ఫ్రెంచి సివిల్ చట్టమూ ఉండిపోయాయి. 1834 మొదలు అక్కడికి నాలుగున్నర లక్షలమంది భారతీయులు వచ్చారు. మనవాళ్ళకూ అక్కడ ఒంటిపేరే వంశనామమైంది. కాని తెలుగు పోలేదు. రామభజనలు, అమ్మోరి పూజ, సింహాద్రి అప్పన్న ఆరాధన నిలిచాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బళ్ళలో తెలుగు చెబుతారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మనవాళ్ళు కొన్ని ఊళ్ళలో గుంపుగా నిలదొక్కుకున్నారు, సంఘం పెట్టుకున్నారు, బడి అడిగి తెచ్చుకున్నారు. రీయూనియన్‌లో ఈ మూడూ కుదరలేదు. భాష పోయింది, పేరు మాత్రం మిగిలింది.

మారిషస్‌లో మోకా అనే ఊళ్ళో 1976లో ప్రారంభమైన మహాత్మా గాంధీ సంస్థ ఉంది. వచ్చిన ప్రతి కూలీ నంబరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటి మీది మచ్చలు రాసిన రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. 1860ల నుంచి కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. ఆ దీవిలో పుట్టి ఫ్రెంచిలో రాస్తున్న నవలా రచయిత్రి నతాషా అప్పనా 2023లో తన తెలుగు పూర్వీకుల గురించి ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ళు 1872లో ఆ దీవిలో దిగినవారు. ఆమె వంశనామం వినగానే మీకు సింహాచలం గుర్తు రావడం లేదా?

మన సంగతి

ఇక సింగపూరు. ఇక్కడ మనల్ని పూర్వం ‘క్లింగ్’ అనేవారు. కళింగ శబ్దం నుంచి వచ్చిందంటారు. క్లింగ్ స్ట్రీట్ అనే వీధికి 1920ల ఆరంభంలో చూలియా స్ట్రీట్ అని పేరు మార్చారు. మన సమాజం 1975లో ఏర్పడింది. బళ్ళలో మన పిల్లలు తమిళమో హిందీయో తీసుకుంటారు. పరీక్షకు తెలుగు లేదు. కనుక తెలుగు అంటే ఇల్లు, సాయంకాలం తరగతి, ఇలాంటి పండుగ. అంతే.

పాత కుటుంబాల్లో ‘సన్ ఆఫ్’, ‘డాటర్ ఆఫ్’ పద్ధతి వల్ల తండ్రి పేరు దాకా వచ్చి ఆగిపోయాం. ఇంటిపేరు తెలిసినవారు మన మధ్య ఎనభై దాటినవారే. కొత్తగా వచ్చినవారికి ఇంటిపేరు పాస్‌పోర్టులో భద్రంగా ఉంది గాని, ఆఫీసులో అందరూ ఆ ఇంటిపేరుతోనే పిలుస్తుంటే ఒంటిపేరు వెనక్కి పోతోంది. ఒకరికి గట్టున ఉండిపోయింది, ఇంకొకరికి తిరగబడింది.

కొందరు మిత్రులు అడుగుతారు: ‘అయితే మాస్టారూ, చెడిన పేర్లు దిద్దుకోవాలంటారా?’ అక్కర్లేదంటాను. గుమాస్తా వంకరగా రాసిన పేరుతోనే మన తాతలు కూలి చేశారు, పెళ్ళాడారు, పిల్లల్ని చదివించారు. గ్వాడెలూప్‌లో హెన్రీ సిదాంబరం అనే ఆయన ఉండేవారు. చిదంబరం అలా మారింది. భారతీయ సంతతివారికి ఫ్రెంచి పౌరసత్వం కావాలని 1904లో మొదలుపెట్టి 1923 దాకా పోరాడి గెలిచారు. వంకర పేరుతోనే గెలిచారు. ఆ పేరు దిద్దితే ఆయన చరిత్ర చెరిగిపోతుంది. కాగితం మీది పేరును కాగితం మీద ఉండనివ్వండి. దాని వెనక ఉన్న పేరును మాత్రం తెలుసుకుని, పిల్లలకు చెప్పండి.

చివరగా ఒక మనవి. ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చుని, ఒక నోటుపుస్తకంలో ఏడు సంగతులు రాయండి. ఇంటిపేరు. తాతగారి పూర్తి పేరు, ఆయన తండ్రి పేరు. నాయనమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు. ఊరు, దానికి దగ్గరి సంత ఊరు. ఇలవేల్పు. వచ్చిన ఓడ, సంవత్సరం తెలిస్తే అవి. ఇంట్లో ఎవరి పేరు ఎవరికి పెట్టారో, ఎందుకు పెట్టారో. ఆడవారి పుట్టింటి పేర్లు తప్పక రాయండి. ఫ్రెంచి రిజిస్టరైనా, ఇంగ్లీషు రిజిస్టరైనా, మన వంశవృక్షమైనా అందరికంటె ముందు మరిచిపోయేది వాటినే. నాకు ఈ కథంతా చెప్పింది మా నాయనమ్మ అని మరవకండి.

తెలుగులో రాయడం రాకపోతే వచ్చిన లిపిలో రాయండి. మా తరగతి పిల్లలు దాన్ని తెలుగులోకి ఎత్తిరాస్తారు. వచ్చే పండుగకు అలా రాసిన పుటలన్నీ కుట్టి ఒక పుస్తకంగా సమాజానికి అప్పగించాలని మా ఉద్దేశం. మీ ఇంటి పుట కోసం బయట బల్ల దగ్గర కాగితాలు పెట్టాం. వెళ్ళేటప్పుడు ఒకటి తీసుకువెళ్ళండి.